వారం దాకా భయం లేదు

తన చెప్పులు కోడలు వేసుకు తిరుగుతోందని కనిపెట్టడానికి లిఫ్టాయనకి మూడు రోజులు పట్టింది.

ఎత్తయిన భవనాల్లో లిఫ్టులు బాగుచేస్తూ జీవితమంతా గడిపి రిటైరైన మనిషి ఆయన. ఉద్యోగం వదిలినా పేరు వదల్లేదు. ఆ అపార్టుమెంటులో చిన్నా పెద్దా అందరికీ లిఫ్టాయనే. కోడలు పనికి వెళ్ళాక టీ తాగడానికి కిందికి దిగబోతే గుమ్మం దగ్గర చెప్పులు కనబడలేదు. తలుపు వెనకా, బల్ల కిందా వెతికి, చివరికి బాత్రూం చెప్పులతోనే వీధిలోకి వెళ్ళొచ్చాడు. సాయంత్రానికి అవి మళ్ళీ గుమ్మం దగ్గరే ఉన్నాయి. మర్నాడూ అదే వరస. పిల్లలెవరో ఆటపట్టిస్తున్నారనుకుని మెట్ల మీద నిలబడి నలుగురికీ వినబడేలా చీవాట్లు కూడా పెట్టాడు. మూడోనాటి సాయంత్రం కోడలు కళ్ళజోళ్ళ దుకాణం నుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే చూశాడు. తనవే.

నవ్వు రావాల్సిన చోట ఆయనకి నవ్వు రాలేదు. ఆ అమ్మాయివి పిచ్చుక పాదాలు. తన చెప్పులేమో పడవల్లా ఉంటాయి. అలాంటి చెప్పుల పట్టీలు కూడా ఆమె పాదాల్లోకి ఒత్తుకుపోయి ఎర్రగా చారలు పడ్డాయి. లిఫ్టాయన గుండెల్లో రాయి పడింది.

"నావి బిగుతైపోయాయి మావయ్యా," అంది కోడలు కాస్త సిగ్గుపడుతూ. "ఏడో నెల కదా, నీరు పట్టింది. రేపో ఎల్లుండో పెద్ద సైజువి కొనుక్కుంటాను."

"కొనొద్దు," అన్నాడు లిఫ్టాయన. ఆ మాట ఎంత కటువుగా వచ్చిందంటే ఆయనే ఉలిక్కిపడ్డాడు. గొంతు తగ్గించి, "ముందు డాక్టరమ్మ దగ్గరికి వెళ్దాం. రేపు పొద్దున్నే," అన్నాడు.

కోడలు వింతగా చూసింది. మామగారు ఆమెతో ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం అదే మొదటిసారి. ఆమె ఆ ఇంటికి వచ్చి రెండేళ్ళు దాటినా వాళ్ళిద్దరి మధ్యా మాటలు టీ పెట్టనా, పెట్టమ్మా, కరెంటు బిల్లు వచ్చిందా, వచ్చింది అన్నచోటే ఆగిపోయేవి. అత్తగారు ఆ పెళ్ళికి ముందే పోయింది. కొడుకు వంతెనలు కట్టే కంపెనీలో వెల్డరు. వంతెన ఎక్కడ లేస్తే అక్కడే మకాం, నెలకోసారి ఇంటికొస్తాడు. మిగతా రోజుల్లో మామా కోడలూ ఒకే లిఫ్టు ఎక్కిన ఇద్దరు పరాయివాళ్ళలాగా, ఒకరికొకరు మర్యాదగా దారిచ్చుకుంటూ, ఎవరి వైపు వాళ్ళు చూసుకుంటూ కాలం గడుపుతున్నారు. పోట్లాట లేదు, పొరపొచ్చం లేదు. మాటే లేదు.

డాక్టరమ్మకి చూపించుకోవాల్సిన రోజుకి ఇంకా పది రోజులున్నాయని కోడలు అనబోయింది. ఆయన మొహం చూసి ఊరుకుంది.

మర్నాడు ఆసుపత్రి హాల్లో కుర్చీలన్నీ నిండుచూలాళ్ళే. వాళ్ళ మధ్య తెల్ల మీసాలతో లిఫ్టాయన ఒక్కడే మగవాడు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఎదురుగోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. నర్సు వచ్చి లోపలికి రమ్మని పిలిస్తే, కోడలి కన్నా ముందు తానే లేచాడు. "మీరు కాదు తాతగారూ, మీకింకా నెలలు నిండలేదు," అంది నర్సు. హాలంతా నవ్వింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి కానీ కూర్చోలేదు, లోపలికి వెళ్ళనే వెళ్ళాడు.

బీపీ ఎక్కువగానే ఉంది. మూత్రంలో ప్రొటీన్ కూడా కనబడింది. మరీ కంగారుపడేంత లేదుగానీ, పట్టించుకోకుండా వదిలేసేంత తక్కువా కాదు. డాక్టరమ్మ నడివయసు మనిషి, నిదానంగా మాట్లాడుతుంది. బీపీకి మాత్ర రాసి, రక్తం తీయించి, దాన్ని ఒక ప్రత్యేకమైన పరీక్షకి పంపుతున్నానంది. ఎందుకని లిఫ్టాయన అడిగాడు.

"బీపీ చూస్తే ఇవాళ్టి సంగతి తెలుస్తుంది బాబాయిగారూ, రేపటి సంగతి తెలీదు," అందామె. "ఇలాగే మొదలై, కొంతమందికి కాన్పుదాకా ఇంతకుమించి పెరగదు. కొంతమందికి నాలుగు రోజుల్లోనే ముదిరిపోతుంది. ఎవరికి ముదురుతుందో మనిషిని చూసి చెప్పలేం. బిడ్డకి తిండి పంపే మాయ ఉంది చూశారా, అది తల్లి రక్తంలోకి రెండు రకాల ప్రొటీన్లు వదుల్తుంది. ఒకటి రక్తనాళాలకి మేలు చేసేది, రెండోది దానికి అడ్డుపడేది. అడ్డుపడేది పెరిగి మేలు చేసేది తగ్గిపోతే, మాయ ఇబ్బందిలో ఉందని అర్థం. ఒంట్లో ఏమీ తెలియకముందే రక్తంలో అది కనబడుతుంది. ఆ రెండింటినీ పోల్చి చూస్తే ముందు రోజులెలా ఉంటాయో చాలావరకు చెప్పొచ్చు."

సాయంత్రానికి ఫలితం వచ్చింది. ఆ రెండు ప్రొటీన్లనీ పోల్చితే వచ్చే అంకె తక్కువగానే ఉంది. మంచిదే. ఇంటికి వెళ్ళొచ్చు, పనికి మాత్రం కొన్నాళ్ళు సెలవు పెట్టాలి, పూటపూటా బీపీ చూసుకోవాలి, వచ్చే వారం మళ్ళీ రక్తం ఇవ్వాలి.

"వారం దాకా భయం లేదు," అంది డాక్టరమ్మ.

"ఆ తర్వాత?" అన్నాడు లిఫ్టాయన.

"ఆ తర్వాత మళ్ళీ చూస్తాం."

కోడలికి ప్రాణం లేచొచ్చింది. దారిపొడుగునా భర్తకి ఫోన్లో చెప్పింది ఏం ఫరవాలేదట, ఏం ఫరవాలేదట అని. లిఫ్టాయనకి మాత్రం ఒక్క అక్షరం కూడా నమ్మబుద్ధి కాలేదు. ఒక చెంచాడు రక్తం తీసుకుని, వారంపాటు ఏమీ కాదని చెప్పేయడమేమిటి? రాసిచ్చినట్టు?

ఆ రోజునుంచి ఆయన కోడల్ని కంటికి రెప్పలా చూసుకోవడం మొదలుపెట్టాడు. రెప్ప అన్నాక అప్పుడప్పుడూ వాలుతుంది, ఈయనకి అదీ లేదు. బీపీ మిషను ఒకటి కొనుక్కొచ్చాడు. పొద్దున లేవగానే పట్టీ చుట్టేవాడు. టిఫిను తిన్నాక చుట్టేవాడు. కోడలు గట్టిగా దగ్గితే వంటింట్లోంచి పట్టీతో పరిగెత్తుకొచ్చేవాడు. ఉప్పు మానమని డాక్టరమ్మ చెప్పకపోయినా కూరల్లో ఉప్పు మానేశాడు. ఆ కూర తానూ తినలేక, తింటున్నట్టు నటించలేక నానా అవస్థా పడ్డాడు. కోడలు మంచినీళ్ళకి లేస్తే తానూ లేచేవాడు. ఆమె కిటికీ దగ్గర నిలబడితే వెనక కుర్చీ జరిపేవాడు. ఫోనులో ఎవరితోనైనా నవ్వుతూ మాట్లాడుతుంటే, తల నొప్పిగా ఉందా అని సైగలు చేసేవాడు.

కోడలు రెండ్రోజులు ఓర్చుకుంది. మూడో రోజు మధ్యాహ్నం ఆయన ఇంకోసారి పట్టీ పట్టుకుని వచ్చేసరికి ఆమె చెయ్యి వెనక్కి లాగేసుకుంది.

"నాకు బీపీ ఉందో లేదో తెలీదుగానీ మావయ్యా, మిమ్మల్ని చూస్తుంటే మాత్రం పెరుగుతోంది. డాక్టరుగారు భయం లేదన్నారు కదా. మీరెందుకిలా నన్ను బతకనివ్వరు?"

అనేసి నాలుక కరుచుకుంది. ఆయన పట్టీ జాగ్రత్తగా చుట్టి డబ్బాలో పెట్టి, బాల్కనీలోకి వెళ్ళి కూర్చున్నాడు. టీ పెట్టే వేళయినా లోపలికి రాలేదు.

కోడలే రెండు గ్లాసుల్లో టీ పోసుకుని తీసుకెళ్ళింది. ఒకటి ఆయన చేతికిచ్చి, పక్కనున్న స్టూలు మీద మెల్లగా కూర్చుంది. కింద వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేయడానికి తంటాలు పడుతున్నారు. అది స్టార్టయి వెళ్ళిపోయేదాకా ఇద్దరూ దాన్నే చూశారు. అప్పుడు లిఫ్టాయన, కోడలి వైపు చూడకుండా, చెప్పడం మొదలుపెట్టాడు.

తన భార్యకి మొదటి కాన్పు అప్పుడు ఇలాగే కాళ్ళకి నీరొచ్చింది. చెప్పులు పట్టలేదు. అందరికీ వచ్చేదే అన్నారు పెద్దవాళ్ళు. ఇద్దరూ కలిసి బజారుకెళ్ళి పెద్ద సైజు చెప్పులు కొన్నారు. దుకాణంలో ఆవిడ ఆ చెప్పులేసుకుని ఏనుగులా నడిచి చూపిస్తే పడీపడీ నవ్వుకున్నారు. వారం తిరక్కుండా ఒక ఉదయం ఆవిడ తలనొప్పి అని పడుకుని, పడుకున్నచోటే కొయ్యబారిపోయి కొట్టుకోవడం మొదలుపెట్టింది. గుర్రపువాతం, అంటే చూలాలికి వచ్చే ఫిట్స్, అన్నారు ఇరుగుపొరుగు. ఆసుపత్రికి మోసుకుపోయేసరికి ఆలస్యమైంది. తల్లి దక్కింది. బిడ్డ దక్కలేదు, ఆడపిల్ల. తల్లికి తెలివొచ్చేసరికి రెండ్రోజులు గడిచిపోయాయి. అప్పటికి బిడ్డకి చేయాల్సినవన్నీ అయిపోయాయి. ఆయనే చెప్పాడు భార్యకి. విని ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. తర్వాత ఎన్నో ఏళ్ళకి కొడుకు పుట్టాడు. ఆ సంగతి మాత్రం ఆ ఇంట్లో మళ్ళీ ఎవరి నోటా రాలేదు. కొడుక్కి కూడా తెలీదు.

"ఎవరి తప్పూ లేదమ్మా," అన్నాడు చివరికి. "ఎవరికీ తెలీదు, అంతే. ఆ రోజుల్లో రేపేమవుతుందో చెప్పేవాళ్ళు లేరు. ఇప్పుడొకామె కూర్చుని వారం దాకా భయం లేదంటే... నాకు నమ్మడం చేతకావట్లేదు."

కోడలి టీ చల్లారిపోయింది.  ఆయన అనుకున్నాడు, ఈ సమయంలో ఈ అమ్మాయికి ఇది చెప్పాల్సింది కాదు, బుద్ధి గడ్డి తిన్నది అని.

"ఎలా ఉండేది మావయ్యా?"

"ఎవరు? మీ అత్తగారా?"

"పాప."

లిఫ్టాయనని ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. భార్య అడగలేదు, అడిగితే తట్టుకోలేనని కాబోలు. ఆ బిడ్డని చూసింది తానొక్కడే. ఎవరూ అడగని దాన్ని ఎవరికి చెప్తాడు?

"జుట్టు చాలా ఉండేదమ్మా," అన్నాడు. "ఒత్తుగా, నల్లగా. తడితో నుదుటికి అంటుకుపోయింది. నేనే వేలితో పక్కకి జరిపాను. గడ్డం మీద చిన్న సొట్ట. మా అమ్మకుండేది అలాగే. వేళ్ళు ఇంత పొడుగు. గోళ్ళు కూడా వచ్చేశాయి. అంతా... అంతా పూర్తయింది. నిద్రపోతున్నట్టే ఉండేది."

అంతవరకూ చెప్పి ఆగిపోయాడు.  కోడలు ఏడుస్తూనే స్టూలు ఆయన దగ్గరగా జరుపుకుంది.  కాసేపటికి లోపలికి వెళ్ళి, బీపీ మిషను డబ్బా తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టి, చెయ్యి చాపింది.

"పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. అంతకుమించి కుదరదు. ఇంకోటి, రేపట్నుంచి కూరలో ఉప్పు వెయ్యకపోతే నేను హోటల్లో తింటాను."

"నేనూ వస్తాను," అన్నాడు లిఫ్టాయన కళ్ళు తుడుచుకుంటూ.

ఆ తర్వాత ఇంట్లో మాటలకి కరువు లేకపోయింది. కోడలు గలగలా మాట్లాడే మనిషని ఆయనకి అప్పుడే తెలిసింది. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం ఆమె పని. అక్కడికొచ్చే మనుషుల గురించి కథలు కథలుగా చెప్పేది. జోడు నెత్తిమీద పెట్టుకుని పోయిందని వెతుక్కుంటూ వచ్చిన హెడ్మాస్టరు గురించీ, కొత్త అద్దాల్లో భార్యని చూసి బెదిరిపోయిన పెళ్ళికొడుకు గురించీ. ఆయన కూడా లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయి, లోపల ఇరుక్కుపోయినవాళ్ళు తలుపు తెరిచేలోపు సంబంధం ఖాయం చేసుకున్న సంగతి చెప్పాడు. అవన్నీ కోతలే అని కోడలు కొట్టిపారేసింది.

రెండోసారి రక్తం ఇచ్చారు. అంకె కాస్త పెరిగిందిగానీ హద్దులోనే ఉంది. మళ్ళీ అదే మాట, వారం దాకా భయం లేదని. ఈసారి లిఫ్టాయన ఆ మాట నమ్మడానికి కొంచెం ప్రయత్నించాడు. ఆ వారంలో ఒకరోజు కోడలు స్నేహితురాలింటికి వెళ్తానంటే, వెంట రాకుండా ఇంట్లోనే కూర్చున్నాడు. కూర్చున్నంతసేపూ కాలు ఆడిస్తూనే ఉన్నాడనుకోండి, అది వేరే సంగతి.

మూడోసారి వెళ్ళిన రోజు కోడలు మంచి హుషారుగా ఉంది. కాళ్ళ వాపు కూడా తగ్గింది. బీపీ మాత్రలకి లొంగే ఉంది. భర్త ఆదివారం వస్తున్నాడు, ఈసారి పురుటిదాకా ఉండేలా సెలవు దొరికింది. రక్తం ఇచ్చి, ఫలితం వచ్చేలోపు దగ్గర్లోని దుకాణాలకి వెళ్ళి ఉయ్యాల బేరం చేసి వచ్చారిద్దరూ. వచ్చేసరికి డాక్టరమ్మ వాళ్ళకోసమే చూస్తోంది. తలుపు దగ్గరికి వేసి, ఎదురుగా కూర్చుంది.

పోయిన వారానికీ ఈ వారానికీ అంకె చాలా రెట్లు పెరిగింది. ఇంత ఎగబాకినప్పుడు రోజుల్లోనే తీవ్రమవుతుందని అనుభవం. ఇవాళే ఆసుపత్రిలో చేరాలి. బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడటానికి ఇంజెక్షన్లు ఇస్తారు. ఎన్ని రోజులు లోపల ఉంచగలిగితే అన్ని రోజులు ఉంచుతారు. తల్లికి ప్రమాదమనిపించిన క్షణాన బిడ్డని బయటికి తీసేస్తారు.

కోడలు అడ్డంగా తలూపింది. తనకేమీ లేదంది. తలనొప్పి లేదు, కడుపులో నొప్పి లేదు, మొన్నటికన్నా ఇప్పుడే బాగుంది. ఆదివారం ఆయన వస్తారు, సోమవారం పొద్దున్నే వచ్చి చేరతాను, అప్పటిదాకా ఇంట్లో పడుకునే ఉంటాను అంది. డాక్టరమ్మ ఎంత నచ్చజెప్పినా ఆదివారం దగ్గరే ఆగిపోయింది. చివరికి లిఫ్టాయన వైపు తిరిగింది.

"మీరు చెప్పండి మావయ్యా. రోజూ చూస్తున్నారుగా. నేను బాగానే ఉన్నాను కదా?"

ఆయన కోడలి మొహంలోకి చూశాడు. నిజంగానే బాగుంది. మొహం కళగా ఉంది. ఎండలో నడిచొచ్చి బుగ్గలు కాస్త ఎర్రబడ్డాయి, అంతే.

"బాగానే ఉన్నావమ్మా," అన్నాడు. "ఎవరడిగినా అదే చెప్తాను. కానీ పరీక్షలో మంచిగా ఉందన్నప్పుడు నేను నమ్మక నిన్ను పీక్కుతిన్నాను. ఇప్పుడు బాగాలేదంటే నువ్వు నమ్మనంటున్నావు. చెరోసారి కాదంటే ఇక ఆ పరీక్ష ఎవరికి?"

కోడలికి నవ్వొచ్చింది. ఆ నవ్వులోంచే ఏడుపొచ్చింది. ఉయ్యాల బేరం చేసినప్పటినుంచీ ఎక్కడ దాచిందో, అంత భయమూ ఒక్కసారిగా బయటికొచ్చింది. వెక్కుతూనే, నాకు భయమేస్తోంది మావయ్యా అంది.

"నాకూ అంతే," అన్నాడాయన. "ఉందాం."

ఉండు అనలేదు, ఉందాం అన్నాడు. ఆ ఒక్క అక్షరానికే ఆమె మెత్తబడింది.

కోడలికి వార్డులో మంచం దొరికింది. లిఫ్టాయనకి బయట వరండాలో బెంచీ దొరికింది. వార్డులోకి మగవాళ్ళని చూడటానికి వచ్చే వేళల్లోనే రానిస్తారు. మిగతా సమయమంతా ఆ బెంచీయే ఆయన ఇల్లు. మొదటిరోజు బట్టలు తెమ్మంటే, బీరువాలో ఇస్త్రీ మడతల మీద ఉన్న మంచి మంచివన్నీ ఏరి తెచ్చాడు. ఫొటో దిగడానికి కాదు కదా మావయ్యా అని ఆమె తలపట్టుకుంది. పాత మెత్తని బట్టల కోసం మళ్ళీ వెళ్ళొచ్చాడు. దువ్వెన మర్చిపోయి ఇంకోసారి వెళ్ళాడు. వార్డులోని ఆడవాళ్ళందరికీ ఆయన అలవాటైపోయాడు. ఒకామె చెప్పు పట్టీ తెగితే కుట్టించి తెచ్చాడు, ఇంకొకామె భర్త ఫోను ఎత్తట్లేదంటే ఆ భర్తకి తానే ఫోన్ చేసి గట్టిగా అడిగాడు. కొడుక్కి విషయం చెప్పాడు. ఆదివారం దాకా ఆగకుండా, దొరికిన బస్సు పట్టుకుని బయల్దేరుతున్నానన్నాడు కొడుకు. వంతెన పని జరిగేచోటు నుంచి రోడ్డు చేరడానికే పూట పడుతుంది.

ఇంజెక్షన్లు రెండూ పడ్డాయి. శుక్రవారం పొద్దున టిఫిను అయ్యాక కోడలు మంచం మీద కూర్చుని, ఎదురుగోడ మీది బోర్డు చదువుతోంది. ఏమీ తోచనప్పుడల్లా చదివే బోర్డే, కంఠతా వచ్చేసింది. ఉన్నట్టుండి అక్షరాల అంచుల్లో వెలుగు వంకరటింకరగా గీతలు కట్టింది. ఒక కన్ను మూసి చూసింది, రెండో కన్ను మూసి చూసింది. రెండింటిలోనూ ఉంది. కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసే మనిషికి, లోపం కంటిలో ఉందో ఇంకెక్కడో ఉందో ఆ మాత్రం తెలుసు. తల వెనక మొద్దుగా నొప్పి మొదలవుతుండగానే గంట నొక్కింది.

నర్సు వచ్చి బీపీ చూసింది, రెండోసారి చూడాల్సిన పని లేకపోయింది. పరుగెత్తి డాక్టరమ్మని పిలిచింది. క్షణాల్లో మంచం చుట్టూ మనుషులు. ఎవరికేం పనో ముందే పంచుకున్నట్టు, ఒకరు చేతికి సెలైను పెట్టారు, ఒకరు ఫిట్స్ రాకుండా మందు ఎక్కించారు, ఒకరు ఆపరేషను గదికి ఫోను చేశారు. వాళ్ళు ఈ ఘడియ కోసమే ఎదురుచూస్తూ ఉన్నారు. మంచాన్ని చక్రాల మీద తోసుకుపోతుంటే వరండాలో లిఫ్టాయన బెంచీ మీంచి లేచి పక్కనే నడిచాడు. కోడలి కళ్ళు మూసుకునే ఉన్నాయి. వెలుతురు పడటం లేదు కాబోలు.

"మావయ్యా."

"ఇక్కడే ఉన్నానమ్మా."

"ఫిట్స్ రాలేదు కదా?"

"రాలేదమ్మా. రానివ్వరు."

తలుపులు మూసుకున్నాయి. ఆయన అక్కడే, తలుపుకి ఎదురుగా, గోడకి ఆనుకుని నిలబడ్డాడు. కూర్చోమని ఎవరో కుర్చీ తెచ్చిస్తే కూర్చోలేకపోయాడు. వెనకటికి ఒకసారి ఇలాగే ఒక తలుపు ముందు నిలబడ్డాడు. అప్పుడు లోపల్నుంచి వచ్చినామె ఆయన మొహంలోకి చూడకుండా చేతులు తుడుచుకుంటూ నిలబడింది. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ ఆయన వచ్చినవాళ్ళ చేతుల వైపే చూశాడు. ఒకరు ట్రే తీసుకెళ్ళారు. ఒకరు ఖాళీ చేతులతో వెళ్ళి సీసాతో తిరిగొచ్చారు. ఆయన చెవుల్లో హోరు తప్ప ఇంకేమీ లేదు.

చివరికి ఇద్దరు నర్సులు అద్దాల పెట్టెని తోసుకుంటూ వడివడిగా బయటికొచ్చారు. మొదటిరోజు హాల్లో ఆయన్ని ఆటపట్టించిన నర్సు వాళ్ళలో ఉంది. ఒక్క క్షణం ఆగింది.

"ఆడపిల్ల తాతగారూ. చిన్నది, కానీ గట్టిపిండం. ఎలా ఏడ్చిందో, మీకు వినబడలేదా?"

వినబడలేదు. ఆయన పెట్టెలోకి వంగి చూశాడు. నోరు ఇంత తెరిచి, పిడికిళ్ళు బిగించి, ఊరందరిమీదా కోపమొచ్చినట్టు ఎర్రగా ఏడుస్తోంది. అప్పుడు వినబడింది. సన్నగా, ఆగకుండా. ఆయన ఎవరో తెచ్చిపెట్టిన ఆ కుర్చీలో కూలబడ్డాడు.

డాక్టరమ్మ కాసేపటికి వచ్చి, తల్లికి గండం గడిచిందనీ, ఒక రోజంతా మందు ఎక్కుతూనే ఉంటుందనీ, బీపీ దిగడానికి ఇంకా కొన్ని వారాలు పట్టొచ్చనీ చెప్పింది. ఇంటి దగ్గరుంటే ఏమయ్యేదని ఆయన అడగలేదు. ఆమె కూడా చెప్పలేదు. వెళ్ళబోతూ ఆయన భుజం మీద చెయ్యి వేసి ఒక్కసారి నొక్కి వెళ్ళింది.

కొడుకు ఆ సాయంత్రం వచ్చాడు. పనిచేసే బూట్లతోనే, జుట్టునిండా దుమ్ముతో, మెట్లన్నీ ఎక్కి రొప్పుతూ వచ్చాడు. భార్యని చూశాడు, అద్దంలోంచి బిడ్డని చూశాడు. తర్వాత వరండాలో తండ్రి పక్కన కూలబడి, చాలాసేపు చేతుల్లో మొహం పెట్టుకుని కూర్చున్నాడు. తేరుకున్నాక అడిగాడు. నాన్నా, కాళ్ళ వాపు చూసి నువ్వే బలవంతాన తీసుకొచ్చావటగా, నీకెలా తట్టింది అని.

లిఫ్టాయన చెప్పాడు. ఈసారి మొదలుపెట్టడానికి స్కూటరు వెళ్ళిపోయేదాకా ఆగాల్సిన పని లేకపోయింది.

"నీకో అక్క ఉండాల్సింది రా," అన్నాడు.

అంతా విన్నాక కొడుకు, అమ్మకి అన్నేళ్ళూ అది మనసులో ఉందా అన్నాడు. ఉందనే అన్నాడు తండ్రి. కొడుకు తండ్రి చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకున్నాడు. చిన్నప్పుడు రోడ్డు దాటేటప్పుడు తప్ప వాడు మళ్ళీ ఆ చెయ్యి పట్టుకున్నది లేదు. దాన్ని ఎలా వెనక్కి తీసుకోవాలో తెలియక లిఫ్టాయన అలాగే ఉంచేశాడు. చీకటి పడేవరకూ ఇద్దరూ వచ్చేపోయేవాళ్ళని చూస్తూ కూర్చున్నారు.

మరో మూడు రోజులకి కోడలు లేచి నడవగలిగింది. ఒకవైపు భర్త, ఒకవైపు గోడ. అడుగుకొకసారి ఆగుతూ పసిబిడ్డల గది దాకా వెళ్ళింది. నర్సు బిడ్డని పెట్టెలోంచి తీసి, గొట్టాలన్నీ జాగ్రత్తగా సర్ది, తల్లి గుండెల మీద పడుకోబెట్టి దుప్పటి కప్పింది. బిడ్డ అంతవరకూ గింజుకుంటున్నదల్లా ఊరుకుంది. కోడలు బిడ్డ తల మీద గడ్డం ఆనించి కళ్ళు మూసుకుంది. లిఫ్టాయన అద్దం అవతల నిలబడి చూస్తున్నాడు. ఆమె కళ్ళు తెరిచి ఆయన్ని చూసి, రమ్మన్నట్టు తలూపింది.

తల్లికీ తండ్రికీ తప్ప ఎవరికీ లోపలికి అనుమతి లేదంది నర్సు. కోడలు ఆమెతో ఏదో చెప్పింది. నర్సు నిట్టూర్చి తలుపు తీసి, "అయిదు నిమిషాలే. చేతులు శుభ్రంగా కడుక్కోవాలి," అంది.

లిఫ్టాయన సబ్బుతో మోచేతుల దాకా రుద్దాడు. మళ్ళీ రుద్దాడు. ఎన్నో ఏళ్ళ గ్రీజు అరచేతి గీతల్లో నల్లగా ఇంకిపోయి ఉంది, అది ఏ సబ్బుకీ పోయేది కాదు. అది మురికి కాదమ్మా, నన్ను నమ్ము అని నర్సుకి చూపించబోయాడు. చాలు తాతగారూ, తోలు ఊడొస్తుంది, రండి అందామె.

ఆయన కోడలి పక్కన నిలబడ్డాడు. ముట్టుకోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, వంగి చూశాడు. నిద్రలో మూతి ముడిచి ఉంది. నెత్తిమీద జుట్టు పెద్దగా లేదు, పల్చగా నూగులా ఉంది. గడ్డం మీద సొట్టా లేదు. అంతా తల్లి పోలికే, ఆ ముక్కూ, ఆ చెవులూ. ఇది వేరే పిల్ల. ఎవరికీ బదులుగా రాలేదు, తనకోసం తాను వచ్చింది. ఆ సంగతి ఆయనకి ఎంత హాయిగా అనిపించిందో మాటల్లో పెట్టలేకపోయాడు.

అంతలో బిడ్డ మొహమంతా ముడుచుకుపోయింది. ఒళ్ళు చిన్నగా ఎగిరిపడింది.

"ఏమైంది? ఏమైంది దానికి?" అంటూ లిఫ్టాయన నర్సు కోసం గిరుక్కున తిరిగాడు.

"తుమ్మింది," అంది నర్సు.

"తుమ్మిందా?"

"తుమ్మింది తాతగారూ. పిల్లలు తుమ్ముతారు."

కొడుకు ఫక్కున నవ్వాడు. కోడలు ఒక చేత్తో బిడ్డని, ఒక చేత్తో పొత్తికడుపుని పట్టుకుని, నవ్వు ఆపుకోలేక కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"నవ్వించకండి మావయ్యా, కుట్లు నొప్పెడుతున్నాయి," అంది.

లిఫ్టాయన తల గోక్కున్నాడు. నర్సు గోడగడియారం వైపు చూసి, కాసేపు మర్చిపోయినట్టు అటు తిరిగి సీసాలు సర్దుకోసాగింది.